రాసిచ్చిందెంత, పుచ్చుకున్నదెంత

2006 జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక విత్తన సాంకేతిక సంస్థ మీద ఫిర్యాదుతో ఢిల్లీలోని ఎం.ఆర్.టి.పి. (గుత్తాధిపత్య నియంత్రణ) కమిషన్ గడప తొక్కింది. తగాదా 450 గ్రాముల పత్తి విత్తనాల ప్యాకెట్టు గురించి. బీటీ పత్తి ప్యాకెట్టు పదహారు వందలు దాటి పలుకుతుంటే, అందులో 1,250 రూపాయలు మహికో మోన్‌శాంటో బయోటెక్‌కు పోయే టెక్నాలజీ ఫీజే. అంటే రైతు విత్తనానికి పెట్టేదానికన్నా అందులోని ఒక్క జన్యువుకు పెట్టేదే చాలా ఎక్కువ. ఆ ఏడాది మే నెలలో కమిషన్ ఫీజు తగ్గించమంది, రాష్ట్రం ప్యాకెట్టు ధర 750 దాటకూడదని తేల్చి చెప్పింది, మిగతా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. ఈ కథ మనవాళ్లకు బాగానే గుర్తుంది. అందులో పెద్దగా చర్చకు రాని సంగతి ఒకటుంది. ఆ తొలి తరం బీటీ జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు. ఆ 1,250 రూపాయలు పేటెంటు చట్టం రాబట్టి పెట్టినవి కావు. విత్తన కంపెనీల చేత సంతకాలు పెట్టించుకున్న లైసెన్సు ఒప్పందాలు రాబట్టినవి. జన్యువు ఆ సంస్థ చేతిలో ఉండటమే ఆ ఒప్పందాలకు అంత బలమిచ్చింది.

మేధోసంపత్తి మీద మన దగ్గర జరిగే వాదం మాత్రం హక్కు గట్టిగా ఉండాలా, వదులుగా ఉండాలా అన్న దగ్గరే తిరుగుతుంటుంది. గట్టిగా ఉంటేనే పెట్టుబడి వస్తుందని ఒక పక్షం, వదులుగా ఉంటేనే పేదవాడికి మందు అందుతుందని ఇంకో పక్షం. ఈ ప్రశ్నే పక్కదారి పట్టిందని నా వాదన. పేటెంటు తాతల నాటి పొలం లాంటి ఆస్తి కాదు. అది ప్రభుత్వానికీ కనిపెట్టినవాడికీ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడం. కనిపెట్టినవాడు తన పద్ధతిని, ఆ రంగం తెలిసిన మరొకడు చదివి చేసుకోగలిగేంత వివరంగా రాసివ్వాలి. బదులుగా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లపాటు ఇతరులను ఆపే హక్కు పుచ్చుకుంటాడు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇచ్చినదానికి తగినంతే పుచ్చుకున్నాడా? మన వ్యవస్థ ఈ లెక్క అడిగిన ప్రతిచోటా చట్టం బాగానే పనిచేసింది. అడగడం మానేసిన చోట రోగులూ రైతులే కాదు, కంపెనీలూ ఇన్వెంటర్లూ కూడా దెబ్బతిన్నారు.

వాదంలోకి వెళ్లేముందు ఒక అపోహ తొలగించుకోవాలి. పేటెంటు వస్తే వస్తువును తయారుచేసే హక్కు వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. రాదు. వచ్చేది ఎదుటివాణ్ణి ఆపే హక్కు మాత్రమే. నా మెరుగుదల వేరొకరి పాత పేటెంటు మీద ఆధారపడి ఉంటే, నా దగ్గర సర్టిఫికెట్టు ఉన్నా ఆయన అనుమతి లేకుండా నేను సరుకు చేయలేను. పైగా ఆ సర్టిఫికెట్టు చెల్లుబాటుకు ప్రభుత్వం పూచీ పడదు. పేటెంటు ఇచ్చాక కూడా కోర్టు దాన్ని కొట్టేయవచ్చు. కొట్టేయడానికి చట్టం చూపిన కారణాల్లో ఒకటి, చేసే పద్ధతిని సరిపడా వివరంగా రాయకపోవడం. తనకు తెలిసిన పద్ధతుల్లో అన్నిటికన్నా మెరుగైనదాన్నే రాయాలని కూడా చట్టం షరతు పెట్టింది. దరఖాస్తు పెట్టిన 18 నెలలకు ఆ రాతంతా పత్రికలో అచ్చవుతుంది, పేటెంటు వచ్చినా రాకపోయినా. అంటే ఇవ్వడం ముందు, పుచ్చుకోవడం తర్వాత. ఈ వరస గుర్తుంటే మిగతా తగాదాలు చాలావరకు అర్థమవుతాయి.

మన దేశంలో ఈ చట్టం మొదటిసారి వచ్చింది 1856లో. ఆ మార్చి 3న కలకత్తాలో జార్జ్ ఆల్‌ఫ్రెడ్ డిపెన్నింగ్ అనే సివిల్ ఇంజనీరు పెట్టిన దరఖాస్తే తొలి దరఖాస్తు. అది పంకా లాగే యంత్రానిది. బంట్రోతు చేతికి విశ్రాంతినిచ్చే ఆలోచన బాగానే ఉంది గానీ, బ్రిటిష్ రాణి ఆమోదం లేకుండా చేశారన్న కారణంతో ఆ చట్టాన్నే మరుసటి ఏడాది రద్దు చేసి, 1859లో మళ్లీ చేయాల్సి వచ్చింది. స్వాతంత్ర్యం నాటికి అమల్లో ఉన్నది 1911 చట్టం. దాని ఫలం ఎవరికి దక్కిందో లెక్క తీసినవారు జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్. 1959 నాటి ఆయన నివేదిక ప్రకారం ఇక్కడి పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీయులవి, వాటిలో అత్యధిక భాగం ఇక్కడ వాడకంలోకి రానివి. పేటెంటు పుచ్చుకుని వస్తువు ఇక్కడ చేయకుండా, ఇంకొకరిని చేయనివ్వకుండా మార్కెట్టును దిగుమతికి కట్టేసుకున్నారన్నమాట. పేటెంట్లే వద్దని అయ్యంగార్ అనలేదు. ఇచ్చిపుచ్చుకోవడంలో ఇచ్చే వైపు ఖాళీగా ఉందన్నారు. ఆ నివేదిక పునాది మీదే 1970 చట్టం వచ్చి, 1972 ఏప్రిల్ 20 నుంచి అమలైంది. మందులకు, ఆహారానికి, రసాయనాలకు వస్తువు మీద పేటెంటు లేదు, తయారీ పద్ధతి మీదే. మందుల విషయంలో ఆ గడువు కూడా పేటెంటు సీలు వేసిన నాటి నుంచి ఐదేళ్లు లేదా దరఖాస్తు నాటి నుంచి ఏడేళ్లు, ఏది తక్కువైతే అది.

ఈ ఒక్క మార్పు హైదరాబాద్ పటాన్ని మార్చేసిందంటే అతిశయోక్తి కాదు. సోవియట్ సాయంతో నెలకొన్న ఐడీపీఎల్ ప్లాంటులో రసాయనశాస్త్రం చేతికి పట్టిన తరం ఒకటి తయారుగా ఉంది. మందు ఒకటే అయినా దాన్ని చేరుకునే దారి వేరైతే చట్టం అడ్డు రాదు కాబట్టి, కొత్త దారి కనిపెట్టడమే వాళ్ల వ్యాపారమైంది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన డాక్టర్ కె. అంజిరెడ్డి 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ ఆ తరానికి పెద్ద గుర్తు. దీన్ని కాపీ వ్యాపారం అనేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు, కానీ అదే కంపెనీ 1997లో మధుమేహానికి తాను కనిపెట్టిన బాలగ్లిటాజోన్ అణువును డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చింది. అమెరికాలో కుంగుబాటు మందు ప్రోజాక్ పేటెంట్లను సవాలు చేసి, 2001 ఆగస్టు నుంచి దాని మూల ఔషధం ఫ్లూయోక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌ను 180 రోజులపాటు ఏకైక జెనరిక్‌గా అమ్ముకుంది. ఒకచోట పేటెంటు అమ్మినవాడే మరోచోట పేటెంటును సవాలు చేశాడు. ఇందులో వైరుధ్యమేమీ లేదు. రాసిచ్చిన సరుకున్న పేటెంటును గౌరవించడం, సరుకు లేనిదాన్ని ప్రశ్నించడం రెండూ ఒకే వృత్తిలోని పనులు.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం అమల్లోకి వచ్చాక, పదేళ్ల వ్యవధి ముగిసి 2005 జనవరి 1 నుంచి మందుల మీద వస్తు పేటెంట్లు మళ్లీ వచ్చాయి. పార్లమెంటు అప్పుడే సెక్షన్ 3(డి)ని గట్టిపరిచింది. తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇచ్చినంతమాత్రాన పేటెంటు రాదు, చికిత్సాపరంగా దాని సామర్థ్యం పెరిగిందని చూపించాలి. దీని మీద 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన గ్లివెక్ తీర్పు గురించి రాయని పత్రిక లేదు. అయితే ఎక్కువమంది ధర దగ్గరే ఆగిపోయారు. రక్త క్యాన్సర్‌కు వాడే ఆ మందు అప్పట్లో నెలకు లక్ష రూపాయలకు పైన, జెనరిక్ పది వేల లోపు. ఈ తేడా మనసును కదిలిస్తుంది గానీ తీర్పు దీని మీద నిలబడలేదు. 1993 నాటి దరఖాస్తు మీద ఇమాటినిబ్ అణువుకు అమెరికా పేటెంటు ఉన్న నోవార్టిస్, 1998లో దాని మెసిలేట్ లవణపు బీటా స్ఫటిక రూపానికి చెన్నైలో దరఖాస్తు పెట్టింది. కోర్టు అడిగింది: ఆ పాత పేటెంటులో ఈ లవణం ఉన్నట్టా, లేనట్టా? పరిధిలో ఉంది గానీ అందులో వివరించలేదు కాబట్టి ఇప్పుడు కొత్తదేనని కంపెనీ వాదించింది. అప్పుడు బయటపడింది ఒక లీగల్ నోటీసు. హైదరాబాద్ కంపెనీ నాట్కో తన వీనాట్ మందును బ్రిటన్‌లో అమ్మబోతే, ఆ పాత పేటెంటుకు సమానమైన యూరప్ పేటెంటును చూపించి ఆపమంటూ 2004లో నోవార్టిస్ తరఫున పంపినది. ఇంకొకణ్ణి ఆపడానికి లవణం పాత పేటెంటులో ఉంది, తనకు కొత్త పేటెంటు కావలసి వస్తే లేదు. జస్టిస్ అఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ ఈ రెండు నాలుకలను ఒప్పుకోలేదు. పరిధికీ వివరణకూ మధ్య అంత పెద్ద ఎడం పెట్టుకుని హక్కు అడగడం కుదరదన్నారు. స్ఫటికం తేమను తక్కువ పీల్చుకుంటుందన్నా, రక్తంలోకి 30 శాతం ఎక్కువ చేరుతుందన్నా, దానివల్ల రోగికి చికిత్స మెరుగైందనే రుజువు కావాలన్నారు. రాసిచ్చినదానికన్నా ఎక్కువ పుచ్చుకోకూడదన్న సూత్రానికి మన న్యాయశాస్త్రంలో ఇంతకన్నా స్పష్టమైన పాఠం లేదు.

పేటెంటు సరిగ్గా ఇచ్చిన తర్వాత కూడా లెక్క ఉంటుందని చూపింది దానికి ఏడాది ముందు వచ్చిన నెక్సావర్ వ్యవహారం. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు బేయర్ అమ్మే ఈ మందు నెల కోర్సు ధర అప్పట్లో 2,80,428 రూపాయలు. నాట్కో 8,880కి ఇస్తానని కంపల్సరీ లైసెన్సు (పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇచ్చే తయారీ అనుమతి) కోరింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ దాన్ని మంజూరు చేశారు. 6 శాతం రాయల్టీ, తర్వాత అప్పీలులో 7. బేయర్ పేటెంటు చెల్లదని ఆయన ఎక్కడా అనలేదు. ఆయన తిరగేసినవి ఆ కంపెనీయే దాఖలు చేసిన ఫారం 27లు. పేటెంటు ఉన్నవాడు దాన్ని ఇక్కడ ఎంతవరకు వాడకంలోకి తెచ్చాడో ప్రభుత్వానికి చెప్పాల్సిన కాగితం అది. లెక్క చూస్తే మందు అవసరమైన వాళ్లలో రెండు శాతానికి కాస్త పైన మాత్రమే అందింది. సిప్లా అమ్ముతున్న జెనరిక్‌ను కూడా సరఫరాలో కలుపుకోమని బేయర్ అడిగింది. అప్పటికి అదే బేయర్ ఆ అమ్మకం ఆపమని సిప్లా మీద కోర్టులో దావా నడుపుతోంది! కంట్రోలర్ ఆ వాదన వినలేదు. 2014లో బొంబాయి హైకోర్టు ఈ ఉత్తర్వును సమర్థించింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఎవరూ పట్టించుకోని ఒక కార్యాలయ ఫారం, జీవితంలో ఒక్కసారి పని చేసింది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం తెలిసిందే. ఇలా చేస్తే విదేశీ పెట్టుబడి భయపడుతుంది, ఎవరు కావాలంటే వారికి లైసెన్సు ఇచ్చేస్తారు అని. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం మన దేశాన్ని ఏళ్ల తరబడి ప్రాధాన్య పరిశీలన జాబితాలో ఉంచడానికి చూపే కారణాల్లో ఇదీ ఒకటి. జరిగింది చూద్దాం. ఒక మందు మీద కంపల్సరీ లైసెన్సు దక్కింది మన దేశంలో ఆ ఒక్కసారే. తర్వాత డాసాటినిబ్ కోసం బీడీఆర్ ఫార్మా వేసినది 2013లో, సాక్సాగ్లిప్టిన్ కోసం హైదరాబాద్‌కు చెందిన లీ ఫార్మా వేసినది 2016లో తిరస్కారానికి గురయ్యాయి. బీడీఆర్ స్వచ్ఛంద లైసెన్సు కోసం ముందుగా తగినంత ప్రయత్నం చేయలేదన్నారు. మధుమేహానికి వేరే మందులున్నాయి, ప్రజల అవసరం తీరడం లేదని రుజువు లేదని లీ ఫార్మాకు చెప్పారు. అడిగినవాడికల్లా తలుపు తీసే కార్యాలయం ఇలా ప్రవర్తించదు. లెక్క చూపించమన్న నియమం రెండు వైపులా పనిచేసింది.

రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. ఇన్నేళ్ల ఉదార చట్టం తర్వాత కూడా మన దగ్గరి నుంచి ప్రపంచమంతా వాడే కొత్త మందు ఎందుకు రాలేదు? దీన్ని కొట్టిపారేయలేం. కానీ దీనికి కారణం 3(డి) అనడానికి ఆధారం కనపడదు. నిజంగా కొత్త అణువు కనిపెడితే ఆ సెక్షన్ అడ్డే రాదు, అది పాత అణువు కొత్త వేషాలకు మాత్రమే. 2013లోనే జైడస్ కంపెనీ సారోగ్లిటజార్‌ను ఇక్కడే కనిపెట్టి ఇక్కడే అనుమతి పొంది అమ్మింది. బాలగ్లిటాజోన్ మార్కెట్టు దాకా వెళ్లకపోవడానికి మన పేటెంటు చట్టానికి సంబంధం లేదు. కొత్త మందు వెనక పదేళ్ల క్లినికల్ పరీక్షలు, ఓడిపోయినా తట్టుకోగల పెట్టుబడి, విశ్వవిద్యాలయాల్లో మూల పరిశోధన కావాలి. ఇవి లేనప్పుడు హక్కును ఎంత పొడవు చేసినా లాభం ఉండదు. నిజానికి లెక్క అడగడం వల్లే కొత్తదనానికి విలువ దక్కుతుంది. చిన్న మార్పుకు 20 ఏళ్లు దొరుకుతుంటే పెద్ద మార్పు కోసం కష్టపడేదెవరు? క్షయకు వాడే బెడాక్విలిన్ లవణ రూపం మీద జాన్సన్ అండ్ జాన్సన్ పెట్టిన దరఖాస్తును 2023 మార్చిలో మన పేటెంటు ఆఫీసు తిరస్కరించింది. దాని మీద అభ్యంతరం వేసినవాళ్లలో ఇద్దరు, క్షయ నుంచి బతికి బయటపడ్డ నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమెజా తిసిలే. పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చన్న మన సెక్షన్ 25 విలువ ఈ ఒక్క ఉదాహరణలో ఉంది.

కష్టం ఏమిటంటే, ఈ లెక్కలడిగే పనిముట్లనే మనం ఒక్కొక్కటిగా మొద్దుబారుస్తున్నాం. ఫారం 27లు సగం ఖాళీగా వస్తున్నాయనీ, ఎవరూ అడగడం లేదనీ న్యాయశాస్త్ర ఆచార్యుడు షమ్నాద్ బషీర్ 2015లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. చట్టాన్ని అమలు చేయించడానికి వేసిన ఆ కేసు చివరికి ఫారాన్ని కుదించడానికి దారి తీయడం చరిత్ర చేసిన హాస్యం. 2020లో ప్రశ్నలు తగ్గాయి. 2024 మార్చి నియమాలతో ఏటా ఇవ్వాల్సినది మూడేళ్లకోసారి ఇస్తే చాలు. 2023 నాటి జన్ విశ్వాస్ చట్టం ఇవ్వనివారికి జరిమానా పరిమితిని పది లక్షల నుంచి లక్షకు దించి, తప్పుడు సమాచారానికి ఉన్న జైలు శిక్షను తీసేసింది. అభ్యంతరం వేయడానికి ఇదివరకు లేని ఫీజు వచ్చింది. వ్యాపార సౌలభ్యం పేరుతో ఇవన్నీ జరిగాయి. జైలు తీసేయడాన్ని నేను తప్పుపట్టను. తప్పుడు ఫారం ఇచ్చినందుకు నాకు తెలిసి ఎవరినీ జైల్లో వేసింది లేదు. కానీ నెక్సావర్ ఉత్తర్వుకు ఆధారమైన కాగితాన్నే మూడేళ్లకోసారి చేసే తద్దినంగా మార్చడం ఎవరికి సౌలభ్యం? అదే కాలంలో ఏడాదికి ఇచ్చే పేటెంట్లు 2022-23లో 34 వేల చిల్లర నుంచి 2023-24లో లక్ష దాటాయి. పాత బకాయిలు తీర్చడం మంచిదే. అయితే ఒక్క ఏడాదిలో మూడింతలైన పరిశీలనలో ప్రతి దరఖాస్తుకూ రాసిచ్చిందెంత అన్న ప్రశ్న అదే శ్రద్ధతో పడిందని నమ్మడం కష్టం.

బలహీనమైన పేటెంటు హాని చేసేది పెద్ద కంపెనీల చేతిలోనే అనుకోవద్దు. తమిళనాడుకు చెందిన ఒక వ్యక్తికి 2008లో రెండు సిమ్‌ల ఫోన్ మీద పేటెంటు దొరికింది. దాన్ని కస్టమ్స్ అధికారులకు చూపి దిగుమతులను ఓడరేవుల్లో నిలిపించారు. 2012లో మేధోసంపత్తి అప్పిలేట్ బోర్డు ఆ పేటెంటును రద్దు చేసేలోపు దిగుమతిదారులు కోర్టుల చుట్టూ తిరిగారు. 2018లో ప్రభుత్వం కస్టమ్స్ నిబంధనల్లోంచి పేటెంట్లను పూర్తిగా తొలగించింది. పరిశీలన తలుపు దగ్గర సరిగా జరగకపోతే దాని ఖర్చు రేవులో, కోర్టులో కట్టాల్సి వస్తుంది.

ఇక చిన్న ఇన్వెంటర్ సంగతి. ఇక్కడ నా వాదనకు ఎదురయ్యే నిజమైన ఇబ్బంది ఉంది. లెక్క గట్టిగా అడిగితే మొదట విరిగేది అతని నడుమే కదా? ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి కోసం చేసిన ఆసు యంత్రాన్నే తీసుకోండి. పోచంపల్లి చీరకు దారాన్ని ఆసు పోయాలంటే ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఏడేళ్ల తంటాలు పడి 1999లో ఆ పనిని యంత్రానికి అప్పగించినందుకు 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి యంత్రానికి రహస్యం ఉండదు. ఒక్కసారి ఊళ్లో తిరిగితే లేత్ మెషిన్ ఉన్న ఏ వర్క్‌షాపువాడైనా చూసి చేయగలడు. మరి పేటెంటు చట్టం దరఖాస్తుకు ముందు బహిరంగంగా వాడితే కొత్తదనం పోయిందంటుంది. చిన్న మినహాయింపులున్నా వాటిని నమ్ముకుని దిగడం ప్రమాదం. ముందు తాత్కాలిక స్పెసిఫికేషన్ (కనిపెట్టినదాని వివరణ పత్రం) పెట్టి తేదీ దక్కించుకోవడం, 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వడం, ఆ తర్వాతే జనానికి చూపడం, ఈ వరస ఊళ్లో ఎవరు చెబుతారు? ఫీజులో రాయితీ ఉంది. కంపెనీలకు 8,000 అయితే వ్యక్తులకు, స్టార్టప్‌లకు 1,600. కానీ ఖర్చంతా ఫీజులో లేదు, స్పెసిఫికేషన్ రాసే ఏజెంటు దగ్గర ఉంది. ఆంధ్ర, తెలంగాణల దరఖాస్తులు వెళ్లే చెన్నై ఆఫీసు నుంచి పరిశీలన అభ్యంతరాలు వచ్చినప్పుడు జవాబు రాయడంలో ఉంది. అన్నిటికన్నా కఠినమైనది ఇది: 31 నెలల్లోపు పరిశీలనకు విడిగా అర్జీ, ఫీజు పెట్టకపోతే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే. అప్పటికే 18 నెలలు దాటి రాతంతా అచ్చయి ఉంటుంది. రాసిచ్చింది పోయింది, పుచ్చుకున్నది ఏమీ లేదు.

పేటెంటు చేతికొచ్చినా దావా వేసే ఓపిక ఎవరికుంటుంది? రెండు స్పార్కుల ఇంజను మీద బజాజ్, టీవీఎస్‌ల మధ్య 2007లో మొదలైన తగాదాలో, మేధోసంపత్తి కేసులను నాలుగు నెలల్లో తేల్చాలని 2009లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశానికి కారణమైన కేసే 2019లో రాజీతో ముగిసింది. బజాజ్ భరించగలదు, లేత్ మెషిన్‌వాడు భరించలేడు. కాబట్టి లెక్క తేలిక చేయడం పరిష్కారం కాదనే నా అభిప్రాయం. చెత్త పేటెంటు అతని చేతిలో పెట్టి పంపితే కోర్టులో మొదటి దెబ్బకే పగులుతుంది. ప్రభుత్వం ఇవ్వాల్సింది రాసే దశలో సాయం. విశ్వవిద్యాలయాల్లో, జిల్లా పరిశ్రమల కేంద్రాల్లో స్పెసిఫికేషన్ రాయగల మనుషులు కావాలి. యంత్రం రూపం మీద డిజైన్ రిజిస్ట్రేషన్, పేరు మీద ట్రేడ్‌మార్కు లాంటివి పేటెంటు కన్నా చవగ్గా, త్వరగా దక్కే హక్కులని చెప్పేవాళ్లు కావాలి.

హక్కు ఎంత అన్నదానికి ముందు హక్కు ఎవరిది అన్నది తేలాలి. దాన్ని మనవాళ్లు ఉద్యోగ ఒప్పందం ఆఖరి పేజీలో చదవకుండా వదిలేస్తారు. సాఫ్ట్‌వేర్ కోడ్ విషయంలో కాపీరైట్ చట్టం సూటిగా చెప్పింది: ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. పేటెంటు చట్టంలో అలాంటి నియమం లేదు. నిజమైన మొదటి ఇన్వెంటర్ నుంచి రాతపూర్వక బదిలీ ఉండాలి. ఆ రాతలో ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో 2011లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చిన స్టాన్‌ఫర్డ్-రోష్ కేసులో చూడవచ్చు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు ఒకరు విశ్వవిద్యాలయంతో, కనిపెట్టినదాన్ని బదిలీ చేయడానికి ఒప్పుకుంటున్నానని రాశారు. తర్వాత సీటస్ అనే కంపెనీ ప్రయోగశాలలో పని నేర్చుకోవడానికి వెళ్లినప్పుడు, అక్కడి సందర్శకుల కాగితం మీద ఇప్పుడే బదిలీ చేస్తున్నానని ఉన్న వాక్యం కింద సంతకం పెట్టారు. మొదటిది వాగ్దానం, రెండోది బదిలీ. హెచ్ఐవీని కొలిచే పరీక్ష మీద హక్కులో వాటా సీటస్ ద్వారా రోష్‌కు పోయింది. హైదరాబాద్ ఆఫీసుల్లో అమెరికా కంపెనీలకు పనిచేసేవాళ్లు సంతకాలు పెట్టే కాగితాల్లోనూ సాధారణంగా కనపడేది రెండో రకం వాక్యమే. మన దగ్గరే కోవాక్సిన్ ఉంది. ఐసీఎంఆర్, భారత్ బయోటెక్ కలిసి చేసిన ఆ టీకాకు పెట్టిన పేటెంటు దరఖాస్తుల్లో ఐసీఎంఆర్ పేరు లేదని 2024 జూన్‌లో బయటికొచ్చింది. పొరపాటున జరిగిందని చెప్పి కంపెనీ సహ యజమానిగా చేర్చే పని మొదలుపెట్టింది. ప్రజాధనంతో జరిగిన పరిశోధనలో ఎవరు ఎంత రాసిచ్చారన్నది దరఖాస్తు రోజున కాక, నాలుగేళ్ల తర్వాత పత్రికల్లో తేలడం వ్యవస్థకు మంచి సర్టిఫికెట్టు కాదు.

పత్తి దగ్గరికి మళ్లీ రావాలి, ఒప్పందం బలం అక్కడే తెలుస్తుంది కాబట్టి. రెండో తరం బీటీ పత్తి సాంకేతికత బోల్‌గార్డ్-2కు మాత్రం మోన్‌శాంటో 2008లో పేటెంటు తీసుకుంది. 2015లో హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్‌తో ఫీజు బకాయిల తగవు వచ్చి లైసెన్సు రద్దయింది. విత్తనంలో కలిసిపోయిన జన్యుక్రమం మీద పేటెంటు చెల్లదని 2018లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి అంది. సాక్ష్యాలు వినకుండా తేల్చడం సరికాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టింది. 2021లో రెండు పక్షాలూ రాజీపడ్డాయి. జన్యువును విత్తనంలో పేటెంటు చేయవచ్చా అన్న ప్రశ్నకు ఇన్నేళ్ల వ్యాజ్యం తర్వాత కూడా మనకు తుది జవాబు లేదు. ఈలోగా కేంద్రం 2016 మార్చిలో ఉత్తర్వు ఇచ్చి బీటీ-2 ప్యాకెట్టు గరిష్ఠ ధర 800, అందులో టెక్నాలజీ ఫీజు 49 రూపాయలని తేల్చేసింది. పదేళ్లలో 1,250 నుంచి 49. ఇది పేటెంటు వల్ల పెరగలేదు, పేటెంటు వల్ల తగ్గలేదు. ఇలాంటి ధర నియంత్రణ రైతుకు తక్షణ ఊరటే, కాదనను. కానీ రాసిచ్చినదెంతో తేల్చి దానికి తగిన ఫీజు లెక్కగట్టడం వేరు, ఒక్క కలం పోటుతో అంకె వేయడం వేరు. రెండోదాన్ని చూసి ఏ కంపెనీ అయినా కొత్త రకం ఇక్కడికి తేవడానికి వెనకాడితే, ఆ వాదనకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు.

పేటెంటు మీద లెక్క అడిగే వ్యవస్థ వదులవుతున్న ఇదే సమయంలో, అసలు లెక్కే అడగని ఇంకో హక్కు తలుపు తడుతోంది. వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. కాంట్రాక్టులూ, విశ్వాస భంగం మీద కోర్టు తీర్పులూ కలిసి నడిపిస్తున్నాయి. 2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో వ్యాపార రహస్యాలకు వేరే చట్టం తెమ్మని ముసాయిదా బిల్లుతో సహా సిఫారసు చేసింది. ఇందులో ఇచ్చేదేమీ ఉండదు. రాసివ్వనక్కర లేదు, గడువు లేదు, దాచగలిగినంత కాలం హక్కే. ఆహార పరిశ్రమకో, చిన్న రసాయన యూనిట్‌కో ఇది నిజంగా అవసరం కావచ్చు. పేటెంటు ఖర్చు భరించలేనివాడికి ఇదొక్కటే గోడ. కానీ పద్ధతి తెలిసిన ఉద్యోగి బయటికి వెళ్లి తన పరిశ్రమ పెట్టుకుంటే, తీసుకెళ్లింది యజమాని రహస్యమా, తన చేతి పనితనమా? కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ఇప్పటివరకు వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందాలు చెల్లవని ఉద్యోగి పక్షాన నిలబడింది. ఐడీపీఎల్ గేటు దాటి వచ్చినవాళ్లు బాలానగర్, జీడిమెట్లల్లో పెట్టిన బల్క్ డ్రగ్ యూనిట్లన్నీ ఆ సందులోంచే పుట్టాయి. కొత్త బిల్లులో ఆ గీత ఎక్కడ పడుతుందన్నదే గట్టిగా అడగాల్సిన ప్రశ్న.